దుప్పట్లకేం తొందర

ఇరవై రెండేళ్ళపాటు ఆ మనిషికి ఎర్రదీపం అంటే ఆగమని అర్థం కాదు, అటూ ఇటూ చూసుకుని దూసుకుపొమ్మని అర్థం. ఎదురుగా ఎంత పెద్ద లారీ ఉన్నా అదే పక్కకు తప్పుకునేది. బస్సులు ఒదిగి నిలబడేవి. అడ్డంగా చాచిన పోలీసు చెయ్యి అతన్ని చూడగానే పద పదమన్నట్టు ఊగేది. అంబులెన్సు డ్రైవరుగా అతను ఎరిగిన రోడ్డు అది. మిగతా జనం నడిచే రోడ్డు ఎలా ఉంటుందో యాభై నాలుగో ఏట గానీ అతనికి తెలిసిరాలేదు.

నడుము పట్టేసి, ఇక రాత్రి డ్యూటీలు చేయడానికి వీల్లేదని డాక్టరు తేల్చి చెప్పాక, ఆ ఉద్యోగం వదిలి ఒక లాండ్రీలో వ్యాను నడపడానికి చేరాడు. లాడ్జీల్లోనూ హాస్టళ్ళలోనూ మాసిన దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు ఎత్తుకురావడం, ఉతికి ఇస్త్రీ చేసినవి తిరిగి ఇచ్చిరావడం అతని పని. రోజుకు పద్నాలుగు చోట్లు. పొద్దున్న ఏడింటికి బయలుదేరి మధ్యాహ్నం రెండులోగా తిరిగొస్తే చాలు. అతను పన్నెండున్నరకే వచ్చి తాళం చెవి మేకుకు తగిలించేసేవాడు. చేరిన వారం రోజుల్లోనే లాండ్రీ అంతా అతన్ని సైరన్ అని పిలవడం మొదలుపెట్టింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప మరెక్కడా కనిపించేది కాదు. ఆ పిలుపు అతనికి నచ్చకపోలేదు కూడా.

ఆ దూకుడు నచ్చనిదల్లా అతని పక్క సీట్లో కూర్చునే ఆవిడకు. ఆవిడకు అరవై ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళు తోపుడు బండి మీద కూరగాయలు అమ్మి, మోకాళ్ళు అరిగిపోయాక ఈ లాండ్రీలో మూటలు లెక్కపెట్టి అప్పజెప్పే పనిలో కుదిరింది. అందరూ బండి అక్క అంటారు. తొందరగా పిలిస్తే అది "బండక్క" అవుతుంది, ఆవిడకు ఒళ్ళు మండుతుంది. "బండక్క కాదురా, బండి అక్క! మధ్యలో ఒక గుడి ఉంది, దాన్ని మింగకండి," అంటుంది.

సైరన్ బండి నడుపుతుంటే బండి అక్క ఒక చేత్తో తలుపు పిడినీ మరో చేత్తో కొంగునూ పట్టుకుని కూర్చునేది. పచ్చదీపం పడితే చాలు, వ్యాను తోక తొక్కిన పిల్లిలా ఎగిరేది. నూరు గజాల దూరంలో మళ్ళీ ఎర్రదీపం కనిపిస్తూనే ఉన్నా అక్కడిదాకా ఉరికి, చివరి క్షణంలో కీచుమని ఆగేది. వెనక మూటలన్నీ ముందుకు దొర్లి వీళ్ళ సీట్లకు దబదబా గుద్దుకునేవి. లాడ్జీ పెరటి గుమ్మం ముందు మూటలు దించి, లెక్క చూసి, సంతకం పెట్టించుకునేసరికి పావుగంట పట్టినా అతను ఇంజను ఆపేవాడు కాదు. అంబులెన్సు ఇంజను ఆపకూడదు. అది అతని ఎముకల్లో ఇంకిపోయిన పాఠం.

ఇక వ్యాను వెనక మూల చూస్తే చిన్న కొట్టు పెట్టుకోవచ్చు. రెండు అదనపు టైర్లు, ఇనుప గొలుసు, లాగుడు తాడు, రెండు పెద్ద డబ్బాల నిండా నీళ్ళు, పారా గునపం, బరువైన జాకీలు రెండు. ఎందుకని అడిగితే, "ఎందుకైనా మంచిది," అనేవాడు.

ఇలా ఉండగా డీజిల్ ధర పెరిగింది. ఒకసారి పెరిగితే జనం తిట్టుకుని ఊరుకుంటారు. అది మూడు నెలల్లో నాలుగుసార్లు పెరిగింది. బంకుల దగ్గర ధర చూపించే పలక వైపు చూడటమే మానేశారు కొందరు. చూస్తే తగ్గుతుందా, కళ్ళు మండటం తప్ప అని.

ఒక పొద్దున్న టీ వేళకు లాండ్రీ యజమానురాలు అందరినీ ఇస్త్రీ గదిలోకి పిలిచింది. నలభై అయిదేళ్ళ మనిషి. రెండు తొట్టెలతో మొదలుపెట్టి ఇంతదాకా తెచ్చుకుంది. గొంతు పెంచి మాట్లాడటం ఆవిడకు రాదు. అందుకే ఆవిడ మాట్లాడితే ఇస్త్రీ పెట్టెలు కూడా ఆవిరి వదలడం ఆపి వింటాయని నవ్వుకునేవాళ్ళు.

"వచ్చే నెల నుంచి గుట్ట మీది లాడ్జీ పని మానేద్దామనుకుంటున్నాను," అంది. "ఎనిమిది గదులు. పోను రాను పాతిక కిలోమీటర్లు. దుప్పట్లు ఉతకడానికి అయ్యేదానికన్నా వాటిని మోసుకురావడానికే ఎక్కువవుతోంది."

ఈ లాండ్రీకి మొట్టమొదట దుప్పట్లు ఇచ్చింది ఆ గుట్ట మీది లాడ్జీయే అని అందరికీ తెలుసు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ టీ గ్లాసు వైపే చూస్తూ ఉంది.

సైరన్ గొంతు సవరించుకున్నాడు. "బండి పాతదైపోయింది మేడం. అది తాగేస్తోంది. ఇంజను విప్పించి చూపిస్తే..."

"చూపించానండీ. మొన్న ఆదివారం మెకానిక్ వచ్చి చూశాడు."

"ఏమన్నాడు?"

ఆవిడ కాస్త తటపటాయించింది. "బండికి ఏ రోగమూ లేదట. రోగం ఏదైనా ఉంటే తొక్కే కాలికి ఉండి ఉంటుందన్నాడు."

నలుగురూ నవ్వారు. సైరన్ కూడా నవ్వాననిపించి బయటికొచ్చేశాడు. కానీ ఆ మాట చెప్పులో రాయిలా రోజంతా గుచ్చుతూనే ఉంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా అతని కాలికి ఎవరూ వంక పెట్టలేదు. ఆ కాలు వల్లే బతికామని మొక్కినవాళ్ళు ఉన్నారు.

ఆ రోజు గుట్ట దిగి వస్తుంటే బండి అక్క ఉన్నట్టుండి అంది, "తమ్ముడూ, నువ్వు బ్రేకు తొక్కినప్పుడల్లా నా భుజాలు నొప్పెడతాయి."

"కుదుపుకి పట్టేస్తాయేమో అక్కా. మెత్త వేసుకో."

"కుదుపుకి కాదు. ముప్ఫై ఏళ్ళు బండి తోశానుగా. కదులుతున్న బండిని ఆపడమంటే అప్పటిదాకా చేసిన చాకిరీ బూడిదలో పోసినట్టే. మళ్ళీ మొదట్నుంచీ తొయ్యాలి. ఎవడైనా బండి ఆపుతుంటే నా భుజాలకి అదే గుర్తొస్తుంది."

సైరన్‌కు చిర్రెత్తింది. "తోపుడు బండీ వ్యానూ ఒకటేనా అక్కా? దీనికి ఇంజనుంది."

"ఇంజను తోస్తోంది గనక నీకు తెలియట్లేదు. అది చెమటకి బదులు డీజిల్ కారుస్తోంది, అంతే తేడా."

"నువ్వు లైసెన్సు తెచ్చుకున్నాక చెప్పు, వింటాను."

మామూలుగా ఐతే బండి అక్క ఇలాంటి మాటకు రెండు మాటలు కలిపి తిరిగి ఇచ్చేది. ఆ రోజు ఊరుకుంది. లాండ్రీకి రాగానే అతన్ని పెరట్లోకి రమ్మంది. ఉతికే గది నుంచి ఆరేసే చోటికి తడి బట్టలు చేరవేసే తోపుడు బండి అక్కడ ఉంది. ఆరేసే చోటు పెరటికి ఎగువన ఉంటుంది. మధ్యలో ఒక రేకు తలుపు. ఆ పూట బండి నిండా నీళ్ళు కారుతున్న దుప్పట్లు ఉన్నాయి.

"ఇది పైదాకా తోసుకురా. కానీ వ్యాను ఎలా నడుపుతావో అలాగే తోయాలి. ఉరుకు, ఆపు. ఉరుకు, ఆపు. నేను చప్పట్లు కొట్టినప్పుడు ఎర్రదీపం పడినట్టు."

బట్టలు పిండుతున్నవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. వెనక్కి తగ్గితే పరువు తక్కువ. సైరన్ చొక్కా చేతులు పైకి మడిచి బండి మీద పడ్డాడు. పది అడుగులు ఉరికాడు. చప్పట్లు. మడమలు నేలకు తన్నిపెట్టి ఆపాడు. మళ్ళీ తోశాడు. కదలదే! దున్నపోతును నెట్టినట్టు ఒళ్ళంతా వంచి తోస్తే అప్పుడు కదిలింది. మళ్ళీ చప్పట్లు. మూడోసారికి ఊపిరి అందలేదు. నాలుగోసారికి మోచేతులు వణికాయి. రేకు తలుపు మూసి ఉంది, దాని ముందు అయిదోసారి ఆగాడు. ఎవరో వచ్చి తలుపు తీసేలోపు బండి వెనక్కి జారబోతుంటే వీపు ఆనించి నిలబెట్టాడు. పైకి చేరేసరికి చొక్కా తడి దుప్పటికన్నా అధ్వాన్నంగా ఉంది.

"ఇప్పుడు నేను చూపిస్తా," అంది బండి అక్క. మరో బండి నింపించింది. ఆవిడ మోకాళ్ళ సంగతి తెలుసు గనక సైరన్ వారించబోయాడు. ఆవిడ వినలేదు. మొదట వంగి చక్రాలు చూసింది. ఒకదానికి చుట్టుకున్న పీలికను లాగి పడేసింది. బండి మీదున్న ఖాళీ బకెట్టునూ పాత పీటనూ దించింది. తర్వాత ఎక్కడా ఉరకకుండా, ఎక్కడా ఆగకుండా, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడుచుకుంటూ పోయింది. రేకు తలుపు ఇంకా ఇరవై అడుగులు ఉందనగానే, "తలుపు తియ్యండర్రా!" అని కేక వేసింది. ఆవిడ చేరేసరికి అది తెరిచి ఉంది. చప్పట్లు కొట్టే అవకాశమే సైరన్‌కు దొరకలేదు.

పైన బండి నిలిపి చెంగుతో ముఖం తుడుచుకుంటూ ఆవిడ అంది, "ముందు చూపుంటే బ్రేకుతో పనేంటి?"

ఆ రాత్రి భుజాల నొప్పికి సైరన్ అటు తిరిగి పడుకోలేక, ఇటు తిరిగి పడుకోలేక, పైకప్పు చూస్తూ ఆవిడ మాటలే నెమరువేశాడు.

మర్నాడు పొద్దున్న ఆరింటికే వచ్చి వ్యాను వెనక మూల ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. ఒక టైరు, ఒక జాకీ, మందుల పెట్టె ఉంచుకున్నాడు. మిగతావి కొట్టు గదిలో పడేశాడు. నీళ్ళ డబ్బాలు పారబోస్తుంటే కాస్త మనసొప్పలేదు. టైర్లలో గాలి చూశాడు. నాలుగింటిలోనూ తక్కువే. తనకే సిగ్గేసింది. అంబులెన్సుకైతే వారం వారం చూసేవాడు. లాండ్రీ వ్యానే కదా అని దీన్ని పట్టించుకోలేదు. పట్టించుకోకుండా తొక్కి మాత్రం తొక్కాడు.

బండి అక్క వచ్చి అంతా చూసింది. చూసీ చూడనట్టు ఎక్కి కూర్చుంది.

మొదటి రోజు నరకం. పచ్చదీపం పడగానే కాలు దానంతటది కిందికి దిగబోయేది. దాన్ని ఆపుకోవడం పసిపిల్లాణ్ణి మిఠాయి కొట్టు ముందు నుంచి లాక్కుపోయినట్టుండేది. ముందున్న బండికీ తనకూ మధ్య ఖాళీ వదిలితే ఎవడో ఒకడు వచ్చి దూరేవాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. ఒక స్కూటరువాడు పక్కకొచ్చి, "తాతా, నిద్రొస్తోందా?" అని అడిగి మరీ పోయాడు. బండి అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నవ్వు, నవ్వు. నీ మాట విన్నందుకు నాకిదే శాస్తి."

"తర్వాతి సిగ్నల్ దాకా పోనీ తమ్ముడూ, అక్కడ చూద్దాం."

దూరాన దీపం ఎర్రగా ఉంది. సైరన్ అంత దూరం నుంచే కాలు తీసేశాడు. వ్యాను దాని ఊపున అది దొర్లుతూ పోయింది. వీళ్ళు చేరే వేళకు దీపం పచ్చబడింది. ఆగకుండానే దాటారు. స్కూటరువాడు అప్పటికింకా అక్కడే కిక్కు కొడుతున్నాడు.

"న్యూట్రల్‌లో వేశావా?" అని అడిగింది బండి అక్క, ఆ మాట ఎక్కడ విన్నదో గానీ.

"అది తప్పక్కా. న్యూట్రల్ చేస్తే బండి మన చేతిలో ఉండదు. గేరులోనే ఉంచి కాలు తీసేస్తే ఇంజను డీజిల్ అడగదు, చక్రాలే దాన్ని తిప్పుతాయి. ఇది నీ తోపుడు బండికి లేని విద్య."

"అబ్బో! సరే, ఇది నేను నేర్చుకున్నానన్నమాట," అంది ఆవిడ.

ఆ తర్వాత మూడో నాలుగో రోజున, గుట్ట కింది తిన్నటి రోడ్డు మీద, అడక్కుండానే అతను చెప్పాడు. "నెమ్మదిగా పోతుంటే భయమేస్తుందక్కా. ఎక్కడో ఎవరో తలుపు తీసుకుని నా కోసం ఎదురు చూస్తున్నట్టుంటుంది. నేను పోతున్న కొద్దీ ఆలస్యమైపోతున్నట్టు. ఖాళీ బండితో ఇంటికొస్తున్నా అంతే. అన్నం తింటున్నా అంతే."

బండి అక్క వెనక్కి తిరిగి, వరసగా పేర్చి ఉన్న తెల్లటి మూటలను చూసింది.

"వెనకున్నవి దుప్పట్లు తమ్ముడూ. రాత్రి దాకా వాటిని ఎవరూ కప్పుకోరు."

మాట చిన్నదే. కానీ సైరన్‌కు ఎవరో నడుము మీద చెయ్యి వేసి పట్టు విడిపించినట్టయింది. నిజమే. వెనక ఎవరూ మూలగటం లేదు. ఎవరి తల్లీ అతని భుజం పట్టుకుని తొందర చేయటం లేదు. ఈ సంగతి బుర్రకు ఎప్పుడో తెలుసు, కాలికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అక్కణ్ణుంచి పని తేలికైంది. లాడ్జీ గుమ్మం ముందు ఇంజను ఆపడం నేర్చుకున్నాడు. ఆపగానే చుట్టూ ఉన్న చప్పుళ్ళు వినపడేవి. వంటగదిలో గిన్నెల మోత, మేడ మీద ఎవరో చీపురుతో ఊడుస్తున్న శబ్దం. ఇద్దరూ కూర్చుని దారి కూడా మార్చుకున్నారు. ఇదివరకు కూరగాయల మార్కెట్టు రోడ్డున తొమ్మిదింటికి పోయేవాళ్ళు, అడుగడుక్కీ ఆగేవాళ్ళు. ఆ వీధి ముప్ఫై ఏళ్ళు తన రాజ్యం కాబట్టి బండి అక్కకు దాని గుట్టంతా తెలుసు. "ఏడున్నరకి సరుకు దిగిపోతుంది, ఎనిమిదిన్నర దాకా కొనేవాళ్ళు రారు. ఆ మధ్యలో పోదాం," అంది. పోయారు. దూరంగా ఉన్న గుట్ట లాడ్జీని చివరికి కాకుండా దాని దారిలోనే ఉన్న రెండు హాస్టళ్ళతో కలిపారు. గుట్ట ఎక్కే ముందు మాసిన మూటలు కొన్ని తక్కువ ఉండేలా చూసుకున్నారు. బరువు వేసుకుని కొండెక్కడం ఎందుకు, దిగేటప్పుడు ఎత్తుకుంటే పోలేదా?

ఇంత నిదానంగా పోతే చీకటి పడుతుందేమో అనుకున్నాడు సైరన్. గడియారం చూస్తే పన్నెండూ యాభై. అన్ని రోజులు అంత ప్రాణం పెట్టి ఉరికి సంపాదించింది రోజు మొత్తానికి ఇరవై నిమిషాలు!

ఇంట్లో భార్య మరో సంగతి కనిపెట్టింది. ఒకనాడు ఎదురుగా కూర్చుని అతను తింటుంటే అదే పనిగా చూస్తూ ఉండిపోయింది.

"ఏంటలా చూస్తున్నావు?"

"మీరు నములుతున్నారు," అంది ఆవిడ, చోద్యం చూస్తున్నట్టు. "పెళ్ళయ్యాక మీరు అన్నం నమలడం ఇదే మొదటిసారి చూడటం. ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. కూర బాగుంది."

"కూర ఎప్పుడూ ఇంతే. ఇవాళ మీకు తగిలింది." అని ఇంకో గరిటె వేసింది.

అంతా సవ్యంగా నడుస్తున్నప్పుడే ఒక మెలిక పడింది. నాలుగు రోజులకు ఖాళీ అయ్యే ట్యాంకు అయిదు రోజులు దాటి ఆరో రోజు సగం దాకా వస్తోంది. సైరన్ ఎవరికీ చెప్పలేదు. నెల నిండాక యజమానురాలే చూసి సంతోషిస్తుందిలే అనుకున్నాడు. చూడటం ఆవిడ ముందే చూసింది, కానీ సంతోషించలేదు.

ఒక మధ్యాహ్నం తాళం చెవి తగిలించడానికి వచ్చినవాడు, దండెం మీది దుప్పట్ల అవతల ఆవిడ ఫోనులో మాట్లాడటం విన్నాడు. గుట్ట మీది లాడ్జీ పెద్దాయనతో. ఆయనకు చెవుడు, కాబట్టి ఎప్పుడూ లేనిది ఆవిడ గట్టిగా మాట్లాడక తప్పలేదు.

"మా వ్యాను వస్తోందా అండీ రోజూ?... వానా? వాన కాదండీ, వ్యాను! మా డ్రైవరు... అవునండీ, దుప్పట్లు... రోజూ వస్తున్నాడా అని!"

సైరన్ అక్కడే నిలబడిపోయాడు. ముఖం వేడెక్కింది. డీజిల్ మిగిలిందంటే అతను గుట్ట ఎక్కకుండా ఎగ్గొడుతున్నాడని ఆవిడ అనుమానం. ఆ కాలికి వంక పెట్టారు, సరే, సర్దుకున్నాడు. ఇప్పుడు మనిషికే వంక.

అవతలి పెద్దాయన ఏదో చాలాసేపు చెప్పాడు. చెవిటివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడుతున్నాడేమో, ఫోనులోంచి మాటలు దుప్పటి ఇవతలికి కూడా వచ్చాయి. "రోజూ పదింటికి ఠంచనుగా వస్తాడమ్మా! ఇదివరకు మూటలు విసిరేసి పోయేవాడు, ఇప్పుడు మెట్ల మీద కూర్చుని నాతో రెండు మాటలు మాట్లాడి పోతున్నాడు. మంచి డ్రైవర్ని పెట్టావు. ఆ పాతవాణ్ణి మాన్పించి మంచి పని చేశావు!"

యజమానురాలు ఫోను పెట్టేసి ఇటు తిరిగేసరికి దుప్పటి పక్కన సైరన్. సైరన్‌కే ముందు నవ్వు వచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. బ్రేకు పడలేదు ఆ నవ్వుకు.

"ఆ పాతవాడు వెళ్ళిపోయాడు మేడం," అన్నాడు. "నిజంగానే."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది, నవ్వుకో, సిగ్గుకో. "క్షమించండి. నేను ముందు మిమ్మల్ని అడగాల్సింది. ఇంతింత మిగులుతుంటే... బండి అలా ఎలా మారుతుంది అనుకున్నాను."

"బండి మారలేదు. అక్క భుజాల్ని అడగండి, చెబుతుంది."

బండి అక్కను పిలిపించారు. ఆవిడ సంగతంతా విని యజమానురాలినే కేకలేసింది. "అనుమానం వస్తే ఎదురుగా అడగాలమ్మా. నువ్వు మొదటి దుప్పట్లు తెచ్చుకున్న రోజుల్లో ఆ గుట్ట ఎలా ఎక్కావు? నా బండి అద్దెకు తీసుకునేగా? ఇద్దరం కలిసేగా తోశాం? ఆ దారి విలువ నాకు తెలియదా, నేను పక్కనుండగా ఎగ్గొట్టనిస్తానా?"

సైరన్‌కు ఈ సంగతి తెలియదు. ఇద్దరు ఆడవాళ్ళను మార్చి మార్చి చూశాడు. గుట్ట లాడ్జీ మానేద్దామన్నప్పుడు టీ గ్లాసు వైపు చూసిన చూపు ఇప్పుడు అర్థమైంది. యజమానురాలు గోడ మీది పలక దగ్గరికెళ్ళి, వచ్చే నెల కొట్టివేతల జాబితాలోంచి గుట్ట లాడ్జీని తడిగుడ్డతో తుడిచేసింది.

ఆ వారంలోనే ఒక పొద్దున్న, రెండు వైపులా బండ్లు కిక్కిరిసిన రోడ్డు మీద, సైరన్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. బండి అక్కకు ఇంకా వినపడలేదు. "ఎంతో దూరం లేదు," అన్నాడు, అద్దంలో చూస్తూ. తర్వాత ఆ కూత ఆవిడకూ వినిపించింది. చుట్టూ ఉన్న బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి మూతి ఆనించి నిలబడి ఉన్నాయి. తప్పుకోవాలన్నా ఎవరికీ చోటు లేదు. సైరన్ ముందు మాత్రం కారు పట్టేంత ఖాళీ ఉంది. ఇన్ని రోజులుగా అలవాటైన ఖాళీ. ఆ ఖాళీలోకి వ్యానును ఏటవాలుగా జరిపి, ఎడమ గట్టు మీదికి ఎక్కించేశాడు. కిటికీలోంచి సగం మనిషి బయటికి వచ్చి, చేతులు ఊపుతూ పక్కవాణ్ణి ముందుకు, వెనకవాణ్ణి పక్కకు జరిపించాడు. ఆ గొంతుకు జనం ఎందుకో మాట్లాడకుండా జరిగారు. దారి విచ్చుకుంది.

అంబులెన్సు పక్క నుంచి దూసుకుపోయింది. పోతూ పోతూ దాని డ్రైవరు ఒక చెయ్యి ఎత్తాడు. కుర్రవాడు, ముఖం కూడా సరిగా కనిపించలేదు. సైరన్ కూడా చెయ్యెత్తాడు. కూత దూరమయ్యేదాకా కదల్లేదు.

"బాధగా ఉందా తమ్ముడూ?" అని అడిగింది బండి అక్క.

"ఉంటుందనుకున్నాను. లేదక్కా. దాని పని అది చేస్తోంది. మన పని మనం చేశాం." అని గట్టు దింపి, మళ్ళీ వరసలో కలిశాడు.

నెలాఖరుకు డీజిల్ ధర అయిదోసారి పెరిగింది. లాండ్రీలో ఎవరూ గుండెలు బాదుకోలేదు. యజమానురాలు స్కూటర్ల మీద చిల్లర మూటలు తెచ్చే ఇద్దరినీ సైరన్ దగ్గరికి పంపి, ఎలా నడపాలో చెప్పించుకోమంది. అతను వాళ్ళకు నోటితో ఏమీ చెప్పలేదు. తిన్నగా తడి దుప్పట్ల బండి దగ్గరికి తీసుకెళ్ళి, "ఇది పైదాకా తొయ్యండి," అన్నాడు. బండి అక్క చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆవిడే ఒక కోరిక కోరింది. ముప్ఫై ఏళ్ళు చేతులతో తోసినదాన్ని ఒక్కసారి కూర్చుని తోలాలని. పెరటి వెనక ఖాళీ స్థలంలో సైరన్ ఆవిణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. కాళ్ళు అందడానికి వీపు వెనక రెండు దిండ్లు పెట్టారు. క్లచ్చు అంటే ఏంటో, గేరు అంటే ఏంటో చెప్పాడు. ఆవిడ అన్నిటికీ ఊఁ కొట్టింది. బండి కదిలింది.

కదిలింది అనడం కూడా ఎక్కువే. చీమ పాకినట్టు పాకింది. పక్కన నడుస్తూ చూస్తున్న యజమానురాలు రెండుసార్లు వ్యానును దాటేసి, ఆగి, అది వచ్చేదాకా ఎదురుచూసింది.

"అక్కా, కొంచెం తొక్కు," అన్నాడు సైరన్.

"వద్దు తమ్ముడూ. ఇంత బరువు లాగుతోంది, పాపం."

"దానికి అలుపు రాదక్కా."

"రాదు గనకే నువ్వన్నాళ్ళూ అలా తొక్కావు," అంది ఆవిడ, కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా. అక్కడ రోడ్డేమీ లేదు, గోడ దాకా ఎర్రమట్టి నేల తప్ప. మూడో చుట్టుకు ఇంజను దగ్గి ఆగిపోయింది. మరీ నెమ్మదైతే అది ఊరుకోదని సైరన్ చెప్పాడు. ఆవిడకు అది నచ్చలేదు. అయినా తాళం తిప్పి మళ్ళీ మొదలుపెట్టింది. యజమానురాలు లోపలికెళ్ళి ముగ్గురికీ టీ తెచ్చేసరికి, బండి అక్క రెండో గేరు వేసి ఉంది. ఆవిడ ముఖంలో ఇదివరకెప్పుడూ చూడని గర్వం వెలుగుతోంది. గ్లాసు చల్లారిపోతోందని చెప్పినా, ఇంకొక్క చుట్టు తిరిగొస్తానంటూ గోడ వైపు సాగిపోయింది.